80వ నంబరు రహదారిపై మొదటి సంవత్సరం

అమెరికా పటంలో తూర్పున న్యూయార్క్ నగరాన్ని ఆనుకుని ఉన్న న్యూజెర్సీ నుండి పడమట శాన్‌ఫ్రాన్సిస్కో వరకు ఒక గీత గీస్తే, అది దాదాపుగా 80వ నంబరు అంతర్‌రాష్ట్ర రహదారి అవుతుంది. దాని పొడవు సుమారు 2,900 మైళ్లు. పెన్సిల్వేనియా కొండలు, అయోవా మొక్కజొన్న పొలాలు, నెబ్రాస్కా మైదానాలు, వయోమింగ్ ఈదురుగాలులు, యూటా ఉప్పుబయళ్లు, సియెర్రా నెవాడా మంచు, అన్నీ ఈ ఒక్క దారిలోనే ఎదురవుతాయి. రాత్రింబవళ్లు ఈ దారిపై సాగిపోయే ట్రక్కులు లేకపోతే ఆ దేశంలో దుకాణాలలో పాలు ఉండవు, ఆసుపత్రులలో మందులు ఉండవు.

ఆ ట్రక్కులు నడిపేవారిలో పరాయి దేశాల నుండి వచ్చి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. పంజాబీ సిక్కులు ఈ వృత్తిలో ఏనాటి నుండో పేరు పొందారు. సోమాలియా నుండి శరణార్థులుగా వచ్చి మిన్నెసోటా, ఒహాయో రాష్ట్రాలలో ఇల్లు కట్టుకున్న ముస్లిం సోదరులు అనేకులు స్టీరింగు పట్టారు. మన తెలుగువారు ఈ వృత్తిలో అరుదు. ఆ అరుదైనవారిలో గుంటూరులోని మా ఖాలా రెండవ కుమారుడు ఒకడు. భార్య అమెరికా పౌరురాలు కావడంతో అతడు శాశ్వత నివాస అనుమతితో షికాగో చేరాడు. ఇక్కడ బంధువుల నోట మాత్రం "మావాడు అమెరికాలో లారీల కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు" అన్న మాటే నడుస్తోంది. ఆ ఉద్యోగం ఎటువంటిదో దగ్గరగా చూసే అవకాశం ఈ మధ్య షికాగో వెళ్లినప్పుడు నాకు లభించింది.

ట్రక్కుల ఊరు

షికాగో నుండి పడమరగా సుమారు మూడు గంటలు కారులో వెళితే మిసిసిపీ నది వస్తుంది. వంతెన దాటగానే అయోవా రాష్ట్రం. అక్కడికి కొద్ది దూరంలో వాల్కాట్ అనే చిన్న ఊరు. ఆ ఊరి పక్కనే 'అయోవా 80' అనే ట్రక్ స్టాప్ ఉంది. 1964లో ప్రారంభమైన ఈ విడిది ప్రపంచంలోకెల్లా పెద్దదిగా ప్రసిద్ధి. డీజిలు బంకుతో పాటు భోజనశాలలు, స్నానపు గదులు, బట్టలు ఉతికే యంత్రాలు, మంగలి దుకాణం, పళ్ల వైద్యుడు, సినిమా హాలు, పాత ట్రక్కుల ప్రదర్శనశాల, అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. వందలాది ట్రక్కులు వరుసలు తీరి నిలిచి ఉంటే, చక్రాల మీద కట్టిన ఊరా అనిపిస్తుంది.

మా తమ్ముడు ఆ వరుసలలో ఒకచోట ట్రక్కు నిలిపి విశ్రాంతి తీసుకుంటున్నాడు. అక్కడి చట్టం ప్రకారం ఎనిమిది రోజులలో 70 గంటల పని నిండిపోతే ఇక ట్రక్కు కదపరాదు. ఏకబిగిన 34 గంటలు విశ్రాంతి తీసుకుంటే లెక్క మళ్లీ మొదటి నుండి ప్రారంభమవుతుంది. ఇంటికి మూడు గంటల దూరంలోనే ఉన్నా, ట్రక్కును, అందులోని సరుకును విడిచి ఇంటికి పోవడానికి అతడికి అనుమతి లేదు. కనుక నేనే వెళ్లాను. మరదలు ఇచ్చిన బిర్యానీ గిన్నె, మామిడికాయ పచ్చడి సీసా అతడికి అందించాను.

"భాయిజాన్, మూడు వారాలుగా ఇంటి అన్నం తినలేదు" అని అతడు చేతులు కడుక్కుని కూర్చున్నాడు. ఇంజను వెనుక ఉన్న చిన్న గదే అతడి ఇల్లు. ఒక పరుపు, దానిపైన రైలులో వలె మరొక పై బెర్తు, చిన్న ఫ్రిజ్, మడిచిపెట్టిన జానమాజ్, అద్దం పక్కన పాప ఫొటో. మూడు వారాలు రోడ్డుపై ఉంటే మూడు రోజులు ఇల్లు. ఇదే ఆ సంస్థ లెక్క.

నేర్చుకునే రోజులు

మన ప్రాంతంలో లారీ డ్రైవరు కావాలనుకున్న కుర్రవాడు ముందు క్లీనరుగా చేరుతాడు. గాలి చూడడం, తాడు కట్టడం, వెనక్కి తీసేటప్పుడు కేకవేసి దారి చెప్పడం, ఇలా ఏళ్ల తరబడి గురువు పక్కన కూర్చుని నేర్చుకుంటాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఈనాటికీ అనేకుల కథ ఇదే. అమెరికాలో ఇదంతా కొన్ని వారాలలో ముగుస్తుంది.

అక్కడ రాష్ట్రాల సరిహద్దులు దాటి ట్రక్కు నడపాలంటే 21 సంవత్సరాలు నిండాలి. వాణిజ్య లైసెన్సు కావాలి. 2022 ఫిబ్రవరి 7 నుండి గుర్తింపు పొందిన శిక్షణ తప్పనిసరి అయింది. అయితే ఇన్ని గంటలు స్టీరింగు పట్టి తీరాలన్న కనీస పరిమితిని ఆ కేంద్ర నిబంధన విధించలేదు. బోధకుడు సరిపోయిందని నిర్ధారిస్తే చాలు. ఆటోమేటిక్ గేర్ల ట్రక్కుపై పరీక్ష ఇచ్చినవారి లైసెన్సుపై, చేతి గేర్ల ట్రక్కు నడపరాదన్న షరతు పడుతుంది.

లైసెన్సు చేతికొచ్చినా మంచి సంస్థలు తలుపు తీయవు. బీమా సంస్థలు అనుభవం అడుగుతాయి, ట్రక్కు యజమానులూ అడుగుతారు. అనుభవం లేనివారిని చేర్చుకునేవి కొన్ని పెద్ద సంస్థలే. వాటిని అక్కడి డ్రైవర్లు 'స్టార్టర్ కంపెనీలు' అంటారు. కొత్తవాడు అడుగు మోపే తొలి మెట్టు అని అర్థం. మా తమ్ముడు చేరింది అటువంటి సంస్థలోనే.

మొదట సంస్థ ఆవరణలో కొద్ది రోజుల పరిచయ తరగతులు, వైద్య పరీక్ష, మాదకద్రవ్యాల పరీక్ష. తరువాత అయిదు వారాలు శిక్షకుడి ట్రక్కులో ప్రయాణం. మునుపెన్నడూ ఎరుగని మనిషితో, మంచమంత గదిలో, ఇరవైనాలుగు గంటలు. శిక్షకుడు నడుపుతుంటే ఇతడు పై బెర్తులో పడుకోవాలి. ఇతడు నడుపుతుంటే ఆయన పడుకుంటాడు. "నిద్ర రాదు భాయిజాన్. ప్రతి బ్రేకుకూ మెలకువ వస్తుంది. ఆయన దగ్గర నేర్చుకున్నదానికన్నా ఆయన నిద్రపోతుండగా నేను ఒంటరిగా నేర్చుకున్నదే ఎక్కువ" అన్నాడు. శిక్షకులలో ఓర్పుగా నేర్పేవారు ఉన్నారు. విద్యార్థిని రెండవ డ్రైవరుగా వాడుకుని తమ మైళ్లు పెంచుకునేవారూ ఉన్నారు. ఎవరు దొరుకుతారన్నది కొత్తవాడి చేతిలో లేదు.

అటుపై ఒంటరి ప్రయాణం. ట్రైలరు పొడవు 53 అడుగులు. సరుకుతో కలిపి మొత్తం బరువు 80,000 పౌండ్ల వరకు, అంటే 36 టన్నులకు పైగా ఉండవచ్చు. దానిని రెండు ట్రక్కుల నడుమ సందులోకి వెనక్కి తీయడమే కొత్తవాడికి పెద్ద పరీక్ష. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు వెనుక భాగం ఎడమకు పోతుంది. చుట్టూ అనుభవజ్ఞులు చూస్తుంటారు. వారిలో నవ్వేవారుంటారు, దిగివచ్చి చెయ్యి ఊపి దారి చూపేవారూ ఉంటారు. "అనుమానం వస్తే దిగి చూడు. ఎన్నిసార్లయినా దిగి చూడు. సిగ్గుపడితే ట్రక్కు గుద్దుకుంటుంది" అని ఒక వృద్ధ డ్రైవరు చెప్పిన మాట తన శిక్షణ మొత్తానికి సమానమని మా తమ్ముడు అన్నాడు.

మైళ్ల లెక్క

అక్కడ డ్రైవరుకు సాధారణంగా నెల జీతం ఉండదు. మైలుకు ఇంత అని కూలి. మా తమ్ముడికి మైలుకు 48 సెంట్లు. అతడు ఒక చిన్న పుస్తకంలో ప్రతి వారం లెక్క రాసుకుంటాడు. అందులో ఒక వారాన్ని నాకు చూపించాడు. సంస్థ లెక్కగట్టిన దూరం 2,000 మైళ్లు. ట్రక్కు మీటరులో తిరిగినది 2,130 మైళ్లు. ఈ తేడా ఎందుకంటే, కూలికి పాత పద్ధతిలో ఊరికి ఊరికి నడుమ లెక్కించిన దూరాన్ని తీసుకుంటారు. బండి తిరగవలసిన అసలు దారిని కాదు. ఆ 130 మైళ్లు అతడు ఉచితంగా నడిపినట్లే.

చేతికొచ్చింది, పన్నులు కోయకముందు, 960 డాలర్లు. నడిపిన గంటలు 40. గోదాముల ముందు సరుకు కోసం ఎదురుచూసిన గంటలు 19. బండి తనిఖీ, డీజిలు, కాగితాల పనికి 6. మొత్తం 65 గంటలు. భాగించి చూస్తే గంటకు 15 డాలర్లకు కొంచెం తక్కువ. షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో 2025 జనవరి నుండి దుకాణంలో పనిచేసేవారికైనా ఇవ్వవలసిన కనీస వేతనం గంటకు 15 డాలర్లు. ఆ దుకాణపు ఉద్యోగి రాత్రికి ఇంటికి వెళ్లి బిడ్డ పక్కన నిద్రపోతాడు. ఇతడు వెళ్లడు. వారానికి 40 గంటలు మించి పనిచేస్తే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలన్న 1938 నాటి కార్మిక చట్టం అంతర్‌రాష్ట్ర ట్రక్కు డ్రైవర్లకు వర్తించదు. చట్టంలోనే వారికి మినహాయింపు ఉంది.

గడియారం, చోటు

డ్రైవరు నిద్రలేమితో నడపకూడదని అక్కడ కచ్చితమైన నియమాలున్నాయి. పది గంటల విశ్రాంతి తరువాత పని మొదలుపెడితే, ఆ క్షణం నుండి 14 గంటలలోగా 11 గంటలు మాత్రమే నడపాలి. 2017 డిసెంబరు నుండి ఈ లెక్కను ఇంజనుకు తగిలించిన ఎలక్ట్రానిక్ పరికరం నమోదు చేస్తోంది. ఉద్దేశం మంచిది. కానీ గోదామువారు అయిదు గంటలు నిలబెట్టినా ఆ 14 గంటల గడియారం సాధారణంగా ఆగదు. గంటలు ముగిసేసరికి చీకటి పడుతుంది. అప్పటికే విడిదులన్నీ నిండిపోయి ఉంటాయి. ట్రక్కు నిలిపే చోటు దొరకదు.

దీని మూల్యం ఏమిటో ఒక విషాదం చెబుతుంది. 2009 మార్చిలో జేసన్ రివెన్‌బర్గ్ అనే డ్రైవరు పాల లోడుతో దక్షిణ కెరొలైనాలో తన గమ్యానికి ముందుగానే చేరుకున్నాడు. అంత ముందుగా లోపల నిలపడానికి వీలు లేకపోవడంతో, మూతబడిన ఒక పెట్రోలు బంకు ఆవరణలో ట్రక్కు ఆపి నిద్రపోయాడు. దొంగ అతడిని కాల్చి చంపి తీసుకుపోయింది ఏడు డాలర్లు. అప్పటికి ఆయన భార్య హోప్ నిండు గర్భిణి. కొద్ది రోజులకే కవలలను ప్రసవించింది. ఆమె ఆ దుఃఖంతోనే ఇంట్లో కూర్చుండిపోలేదు. ట్రక్కులకు సురక్షితమైన చోటు కావాలని పట్టువదలక పోరాడింది. 2012లో కాంగ్రెసు 'జేసన్ చట్టం' చేసింది. చట్టం వచ్చింది గానీ చోటు కొరత నేటికీ తీరలేదు. ప్రతి సాయంత్రం నాలుగు గంటల నుండే "ఈ రాత్రి ఎక్కడ?" అన్న చింత మొదలవుతుందని మా తమ్ముడు చెప్పాడు.

ఆగడం తెలిసిన రాత్రి

ఇదే రహదారి వయోమింగ్‌లో లారమీ, రాలిన్స్ పట్టణాల నడుమ ఎల్క్ మౌంటెన్ ప్రాంతం గుండా పోతుంది. చలికాలంలో అక్కడి గాలులకు ఖాళీ ట్రైలర్లు పక్కకు ఒరిగి పడిపోతాయి. జనవరిలో ఒక రాత్రి తేలికైన లోడుతో మా తమ్ముడు లారమీ చేరేసరికి గాలి హెచ్చరికలు వెలిగాయి. అతడు ఆగిపోయాడు. పని అప్పగించే డిస్పాచరు నుండి సందేశాల మీద సందేశాలు. "మిగతావారు వెళ్తున్నారు కదా" అన్నది వాటి సారాంశం.

అక్కడి చట్టం ఈ విషయంలో డ్రైవరు పక్షాన ఉంది. వాతావరణం ప్రమాదకరమైతే బండి ఆపివేయాలి. నియమం మీరి నడపమని డ్రైవరును ఒత్తిడి చేయడం 2016 జనవరి నుండి శిక్షించదగిన తప్పు. కానీ కొత్తవాడికి చట్టం కన్నా డిస్పాచరే దగ్గర. మంచి లోడులు ఇవ్వడం, ఎండగట్టడం ఆయన చేతిలో ఉంటుంది. "అమ్మీ ముఖం, పాప ముఖం గుర్తు తెచ్చుకుని ఫోను బోర్లా పెట్టాను" అన్నాడు తమ్ముడు. రెండు రోజుల కూలి పోయింది. మూడవ రోజు అదే దారిలో వెళుతూ, రోడ్డు పక్కన ఒరిగి ఉన్న ఒక ట్రైలరును చూశాడు. ఆ తరువాత ఎన్నడూ ఆగినందుకు చింతించలేదట.

ముస్లిం డ్రైవర్లకు మరొక చిక్కు కూడా ఎదురవుతుంది. ట్రైలరులో ఏ సరుకు వస్తుందో నిర్ణయించేది సంస్థ. 2009లో ఇల్లినాయ్‌లో మద్యం లోడు తీసుకువెళ్లలేమన్నందుకు ఇద్దరు సోమాలీ ముస్లిం డ్రైవర్లను ఒక సంస్థ ఉద్యోగం నుండి తొలగించింది. లోడులను డ్రైవర్ల మధ్య మార్చుకోవడం ఆ సంస్థలో మామూలే అయినా వీరికి ఆ సౌకర్యం ఇవ్వలేదు. సమాన ఉపాధి అవకాశాల కమిషన్ వారి పక్షాన దావా వేసింది. 2015 అక్టోబరులో పియోరియా నగరంలోని జ్యూరీ వారికి 2,40,000 డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. నమ్రతగా, ముందుగా, లిఖితపూర్వకంగా అడగడం మేలని ఈ కేసు తెలిసిన డ్రైవర్లు కొత్తవారికి చెబుతుంటారు.

సంతకం బరువు

ఈ కష్టాలన్నింటికన్నా బరువైనది ఒక కాగితం. స్టార్టర్ కంపెనీలు అనేకం శిక్షణ ఖర్చును తామే భరిస్తామంటాయి. బదులుగా సాధారణంగా ఒక సంవత్సరం తమ వద్దే పనిచేయాలని ఒప్పందం రాయించుకుంటాయి. మధ్యలో మానితే వేల డాలర్ల బాకీ మెడకు చుట్టుకుంటుంది. కనుక కూలి తక్కువైనా, డిస్పాచరు కఠినుడైనా కొత్తవాడు నోరు మెదపడు. మా తమ్ముడి ఒప్పందంలో ఎనిమిది నెలలు గడిచాయి. గోడ క్యాలెండరుకు బదులు ఫోనులో మిగిలిన రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

రెండవ వల ఇంకా ఆకర్షణీయమైనది. "నీవే యజమానివి కా. ట్రక్కును వాయిదాలపై తీసుకో" అంటారు. ట్రక్కు కిస్తీ, డీజిలు, బీమా, మరమ్మతు, అన్నీ వారం కూలి నుండి కోసుకుంటారు. పని తగ్గిన వారం చేతికి రాకపోగా బాకీయే మిగలవచ్చు. బండి వదిలేస్తే కట్టినదంతా పోతుంది. 2025 జనవరిలో, ట్రక్కుల లీజులపై అమెరికా ప్రభుత్వం నియమించిన బృందం ఇటువంటి లీజు-కొనుగోలు పథకాలను నిషేధించాలని సిఫారసు చేసింది.

శిక్షణ దశలోనూ, తరువాత ఈ 'స్వతంత్ర' హోదాలోనూ తనకు న్యాయమైన వేతనం దక్కలేదని డొమినిక్ ఒలివేరా అనే డ్రైవరు న్యూ ప్రైమ్ అనే సంస్థపై కోర్టుకెక్కాడు. ఒప్పందం ప్రకారం కోర్టుకు రాకూడదు, మధ్యవర్తి వద్దకే పోవాలని సంస్థ వాదించింది. 2019 జనవరి 15న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా డ్రైవరు పక్షం వహించింది. 1925 నాటి మధ్యవర్తిత్వ చట్టంలో రవాణా కార్మికులకు ఉన్న మినహాయింపు స్వతంత్ర కాంట్రాక్టర్లకూ చెందుతుందని తేల్చింది. మరుసటి సంవత్సరం ఆ వివాదం 2 కోట్ల 80 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది.

ఇంతకూ సంస్థలు ఇలా ఎందుకుంటాయి? 1980లో సరుకు రవాణాపై ప్రభుత్వ నియంత్రణ సడలింది. పోటీ పెరిగింది, ధరలు తగ్గాయి, కూలీ తగ్గింది. అనుభవం రాగానే డ్రైవర్లు మెరుగైన చోటికి పోతారు. వారి స్థానంలో మళ్లీ కొత్తవారు వస్తారు. పెద్ద సంస్థలలో 100 ఉద్యోగాలుంటే సంవత్సరంలో 90 మార్పులు జరిగిన సంవత్సరాలు చాలా ఉన్నాయి. స్టీవ్ విస్సెల్లి అనే సామాజిక శాస్త్రవేత్త తానే ట్రక్కు డ్రైవరుగా చేరి ఈ వ్యవస్థను పరిశీలించి, 2016లో 'ది బిగ్ రిగ్' అనే గ్రంథం వెలువరించాడు. కొత్తవారి రాకపోకలపైనే ఈ వ్యాపారం ఎలా నిలబడిందో ఆ గ్రంథం వివరిస్తుంది.

అయినా ఆ మొదటి సంవత్సరం పూర్తిగా నష్టం కాదు. ప్రమాదం లేకుండా దానిని దాటినవాడికి మంచి సంస్థల తలుపులు తెరుచుకుంటాయి. రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగాలు, గంటల లెక్కన కూలి ఇచ్చే ఉద్యోగాలు అతడికి అందుబాటులోకి వస్తాయి. కొత్త డ్రైవరు తన మొదటి సంవత్సరాన్ని అమ్మి కొనుక్కునేది ఆ అనుభవాన్నే. అయితే ఏ ధరకు అమ్ముతున్నాడో అతడికీ, అతడి ఇంటివారికీ ముందుగా తెలిసి ఉండాలి.

కనుక అటువంటి ఉద్యోగానికి సిద్ధపడే యువకులు, వారిని సాగనంపే తల్లిదండ్రులు కొన్ని ప్రశ్నలు తప్పక అడగాలి. సందర్శకుల వీసా, విద్యార్థి వీసా ఈ ఉద్యోగానికి పనికిరావు. పని చేసేందుకు చట్టబద్ధమైన అనుమతి ఉందా? అధికారితో మాట్లాడి, రహదారి సూచికలు చదవగలిగే ఆంగ్లం వచ్చా? అది రానివారిని 2025 జూన్ నుండి తనిఖీలో అక్కడికక్కడే విధుల నుండి ఆపివేస్తున్నారు. ఒప్పందం మధ్యలో మానితే బాకీ ఎంత? శిక్షణ రోజులకు కూలి ఎంత? ఎదురుచూపు గంటలకు ఏమిస్తారు? ఎన్ని రోజులకు ఒకసారి ఇల్లు? జవాబులు కాగితంపై ఉన్నాయా?

ఇక గుంటూరులో ఉన్న మా ఖాలా వంటి తల్లులకు ఒక మనవి. కుమారుడు ఫోను చేసినప్పుడు "ఈ నెల ఎంత పంపుతున్నావు?" అన్న ప్రశ్న కాస్త వెనక్కి జరపండి. "నిద్రపోయావా బాబూ? బండి ఎక్కడ ఆపావు? అక్కడ క్షేమమేనా?" అని ముందు అడగండి. తుఫాను రాత్రి, వెళ్లమని సందేశాలు మోగుతున్న వేళ, ఫోను బోర్లా పెట్టి ఆగిపోయే ధైర్యం అతడికి ఆ ప్రశ్నల నుండే వస్తుంది.